పెట్టుబడి చీరల కోసం ఆరు నెలలు: నా అనుభవం

2025 ఫిబ్రవరి మూడో వారంలో మా అమ్మాయి పెళ్లి అయింది. పెళ్లికి వచ్చే ఆడవాళ్లకు పెట్టే పెట్టుబడి చీరలన్నీ చేనేతవే పెట్టాలని, అవి నేసిన మనిషికి సరైన డబ్బు అందాలని నేను పట్టుబట్టాను. అనుకున్నంత తేలిక కాలేదు. ఇలా చేద్దామనుకునే వాళ్లకు పనికొస్తుందని, ఏ రోజు ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఇదంతా మొదలైంది మా బీరువా మీద ఉన్న సంచితో. 2024 జూలైలో దాన్ని దించి చూస్తే 31 చీరలున్నాయి. గృహప్రవేశాలకు, ఓణీల ఫంక్షన్లకు, షష్టిపూర్తులకు మాకు పెట్టినవి. అన్నీ పాలిస్టరే. ఒక్కటీ కట్టుకోలేదు. ఎవరో నాకు పెడతారు, నేను ఇంకొకరికి పెడతాను, వాళ్లు మరొకరికి. ఆ మడత విప్పేవాళ్లే ఉండరు. అందులో ఒకటి ఎవరు పెట్టారో గుర్తు లేక, పెట్టినావిడకే తిరిగి పెట్టబోయి ఆఖరి నిమిషంలో ఆగిన రోజు నాకు ఇంకా బాధగానే ఉంటుంది. అలాంటివి మళ్లీ 70 నేనే కొని పంచాలా అనిపించింది. మావారు అప్పటికే లెక్కేసి పెట్టారు. చీర 650 చొప్పున 70 చీరలు, 45,500 రూపాయలు. "ఆ డబ్బుతోనే కట్టుకునే చీరలు పెడదాం, తక్కువ మందికైనా సరే" అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు గానీ కాదనీ అనలేదు.

మొదటి దెబ్బ ఆగస్టులోనే తగిలింది. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 16న. దానికి నాలుగు రోజుల ముందు మా దగ్గర్లోని ఒక షోరూమ్‌లో "పోచంపల్లి కాటన్" అని చెబితే 950కి ఒక చీర తీసుకున్నాను. బాగుంటే అవే ఒక ఇరవై తీసుకుందామని నా ఆలోచన. వ్రతం అయ్యాక ఉతికి తీగ మీద ఆరేస్తే, చీర తిరగబడి వెనకవైపు కనిపించింది. ముందు ముదురు నీలం, వెనక పాలిపోయిన నీలం. అంటే మిల్లు గుడ్డ మీద పోచంపల్లిలో నేసే ఇక్కత్ డిజైన్ అచ్చేశారు. అసలు ఇక్కత్‌లో నేయకముందే దారానికి రంగు ఎక్కుతుంది కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటుంది. డిజైన్ అంచులు కూడా గీత గీసినట్టు ఉండవు, కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. తెలుగింట్లో పుట్టి యాభై ఏళ్లు దాటినా ఈ మాత్రం నాకు తెలియలేదని ఆ రోజు చాలా సిగ్గుపడ్డాను.

చీర పట్టుకుని షాపుకు వెళ్లాను. "పోచంపల్లి డిజైన్ అన్నాం మేడమ్, చేనేత అనలేదు కదా" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. బిల్లు చూస్తే "కాటన్ శారీ" అని మాత్రమే ఉంది. ప్రింటు చీర అమ్మడం తప్పు కాదు, దాన్ని ఇంకోటని నమ్మించడమే తప్పు. కానీ నా దగ్గర రుజువేముంది? ఆ రోజు నుంచి రెండు పనులు అలవాటు చేసుకున్నాను. ఒకటి, కొనేముందు చీర తిరగేసి చూడటం. రెండు, బిల్లు మీద "చేనేత" అనే మాట రాయించుకోవడం. రాయమంటే చాలామంది మాట మార్చేస్తారు. అక్కడితోనే సంగతి తెలిసిపోతుంది. అసలు చేనేతేనని తెలిపేందుకు 2006 నుంచి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే హ్యాండ్లూమ్ మార్క్ అని ఒక గుర్తు కూడా ఉంది. నేను తిరిగిన ఐదు షాపుల్లో అది కుట్టిన చీరలు ఒక్క చోటే కనిపించాయి.

దుకాణాల్లో తేలదని పోచంపల్లికే వెళ్దామనుకున్నాం. సెప్టెంబర్ 1 ఆదివారం బయల్దేరాలనుకుంటే ఆ రెండు రోజులూ రాష్ట్రమంతా వానలు, వరదలు. విజయవాడ హైవే మీదే రాకపోకలు ఆగిపోయాయి. చివరికి వెళ్లింది సెప్టెంబర్ 15న. వనస్థలిపురం నుంచి కారులో గంట పైన పట్టింది. మెయిన్ రోడ్డు మీద వరసగా చీరల షాపులే. ముందు వాటిలోకే వెళ్లాం. అక్కడ కాటన్ ఇక్కత్ 2,600 చెప్పారు. అందులో నేసినవాళ్లకు ఎంత పోతుందని ఒకాయన్ని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

మా స్కూల్లో పనిచేసే ఆయా వాళ్లది ఆ పక్క ఊరే. ఆమె చెప్పిన గుర్తులతో ఒక నేత ఇంటికి వెళ్లాం. ముందు గదిలో రెండు గుంట మగ్గాలు. ఒకటి ఆడుతోంది, ఇంకోటి మీద పాత దుప్పటి కప్పి ఉంది. నేస్తున్న అన్నకు నలభై ఐదేళ్లుంటాయి. మొదటి వారం వానలకు గుంటలోకి చెమ్మ ఊరి తొమ్మిది రోజులు నాడె (దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లేది) ఆడలేదట. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే కానీ పని జరగదు, నీళ్లూరితే కూర్చోలేరు, దారం కూడా మెత్తబడుతుంది. వానకీ చీర ధరకీ సంబంధం ఉంటుందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఆడుతున్న మగ్గం మీద ఆకుపచ్చ చీర చాలా బాగుంది. "ఇలాంటివి మాకూ నేసిస్తారా అన్నా?" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఆ మగ్గం సేటుది అక్కా. నూలు ఆయనదే, రంగు ఆయనదే. ఆయన పడుగు మీద మీ చీర నేసుడు తప్పు. ఇగో, ఈ రెండోది మా నాయినది. ఖాళీగనే ఉంది."

పడుగు అంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే దారం. సేటు అంటే మాస్టర్ వీవర్. నూలు ఇచ్చి, నేయించుకుని, మజూరీ, అంటే నేత కూలి ఇచ్చి, చీరలు తనే అమ్ముకుంటాడు. ఈ అన్న తన పెద్దమ్మాయి పెళ్లికి ఆయన దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాడు, అది ఇంకా తీరలేదు. నేను వెళ్లేటప్పుడు మధ్యవాళ్లంటే దోచుకునేవాళ్లే అనే ఆలోచనతో వెళ్లాను. తర్వాత నవంబర్లో ఆ మాస్టర్ వీవర్‌తోనూ మాట్లాడాను. అమ్ముడుపోని చీరలు గదినిండా చూపించాడు. కరోనా ఏడాది ఒక్క చీర కదలకపోయినా తన దగ్గర నేసేవాళ్లకు బియ్యం, డబ్బు ఇచ్చానన్నాడు. ఆ సంగతి అన్న కూడా నిజమేనన్నాడు. చీరకు ఏడెనిమిది వందల మజూరీ, అదీ ఇంటిల్లిపాది కష్టానికి, చాలా తక్కువ అన్న అభిప్రాయం మాత్రం నాకు మారలేదు. కానీ ఆయన్ని తీసేస్తే ఆ స్థానంలో ఎవరు నిలబడతారో నా దగ్గర జవాబు లేదు. పెళ్లి అయ్యాక నేను వెళ్లిపోతాను. ఆయన ఏడాదంతా ఉంటాడు.

ఇక ఆర్డర్ సంగతి. నేను 24 చీరలు అనుకుని వెళ్లాను. "ఇరవై నాలుగు కుదరదక్కా. పడుగు ఎక్కిస్తే ఏడు. ఇరవై ఒకటి జేస్కో, లేకుంటే ఇరవై ఎనిమిది" అన్నాడు నేసే అన్న. ఒక పడుగుకు ఏడు చీరలు వస్తాయి కాబట్టి ఏడేసి చొప్పునే అడగాలి. ఆ ఏడింటికీ పడుగు రంగు ఒకటే, పేక (అడ్డంగా నేసే దారం) మార్చి కొంగులు, డిజైన్లు కొద్దిగా మార్చుకోవచ్చు. ఇది ముందే తెలిస్తే పేర్ల జాబితా అలాగే రాసుకునేదాన్ని. మూడు పడుగులు, 21 చీరలు అని ఖాయం చేశాం.

ధర ఆయన్నే చెప్పమన్నాను. కాగితం మీద లెక్కేశాడు. నూలు, రంగులు, ఆసు కూలి, తన మజూరీ. చీరకు 1,750 వచ్చింది. "మరి వదిన పని?" అన్నాను. ఆయన భార్య అప్పుడు అరుగు మీద దారపు కట్టలకు సైకిల్ ట్యూబు రబ్బరు చీలికలు బిగించి కడుతోంది. రంగులో ముంచినప్పుడు ఆ కట్టిన చోట రంగు పట్టదు, డిజైన్ అలా పుడుతుంది. కట్టడం, రంగు ఆరబెట్టడం, నాడెలో పెట్టే దారపు కండెలు చుట్టడం అన్నీ ఆవిడే. ఆయన ఆ మాటకు ఏం చెప్పాలో తెలియనట్టు చూశాడు. ఇన్నేళ్లలో ఆ పనికి ఎవరూ విడిగా ధర కట్టలేదు, ఆయనతో సహా. 1,900 అనుకున్నాం. నేను 2,000 అన్నాను గానీ, "రేపు వేరేటోళ్లకు కూడ గదే చెప్పాల్నాయె, ఎవరు కొంటరు" అని ఆయనే వద్దన్నాడు. అడ్వాన్స్ 20,000 ఇచ్చి వచ్చాను.

ఆసు గురించి ఇక్కడే చెప్పాలి. నేసేముందు పేక దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పి పోయాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. వదిన పదిహేనేళ్లు ఆ పని చేసి కుడి భుజం పైకి లేవని స్థితికి వచ్చింది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి పడే బాధ చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు వీళ్లు ఆ యంత్రం ఉన్న ఇంట్లో కూలిచ్చి ఆసు పోయించుకుంటారు. "గా మిషన్ రాకుంటే నేను ఈ పని ఇడిసిపెడుతుంటి" అంది వదిన.

రంగుల దగ్గర నేను అనుకున్నది జరగలేదు. సహజ రంగులు కావాలన్నాను. అవి వేసేవాళ్లు వేరే ఉన్నారట, ధర దాదాపు రెట్టింపు, రోజులూ ఎక్కువ. నా బడ్జెట్‌కు అందక మామూలు రంగులే ఒప్పుకున్నాను. ఇంటి వెనక రంగు నీళ్లు కాలువలోకి ఎర్రగా పారడం కళ్లారా చూశాను. నేను కొన్న చీరలకు ఆ మచ్చ ఉంది. అది నాకు తెలుసు.

నవంబర్ 3న, దీపావళి తర్వాత, మొదటి ఏడు చీరలు వచ్చాయి. చేతిలోకి తీసుకున్నప్పుడు ఏడుపొచ్చినంత పనైంది. అంచు పొడవునా సన్నని సూది రంధ్రాలున్నాయి. నేసేటప్పుడు గుడ్డ ముడుచుకోకుండా అడ్డంగా పెట్టే బద్ద ముళ్లు దిగిన గుర్తులవి. ఒక చీరలో పేక ఒక చోట జరిగి, పువ్వు కొద్దిగా వంకరైంది. అన్న ముందే చూపించి 200 తగ్గిస్తానన్నాడు. తగ్గించనివ్వలేదు. ఆ చీర ఇప్పుడు నా దగ్గరే ఉంది.

ఈలోగా ఇంట్లో గొడవ. కాబోయే వియ్యపురాలు ఫోన్ చేసి, "వదినగారూ, మా ఆడపడుచులకు కాటన్ చీరలు పెడితే ఏమనుకుంటారో ఏమో, పట్టు కాకపోయినా పట్టులా కనపడేది పెట్టండి" అన్నారు, మర్యాదగానే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా పట్టుదల వల్ల రేపు అత్తారింట్లో మా పిల్లకు ఒక మాట పడితే? మావారు కూడా "మన నియమాలు వాళ్ల మీద రుద్దకూడదు" అన్నారు. మా అమ్మాయే ఆవిడతో మాట్లాడింది. ఆ చీర ఎవరు నేశారో, ఎన్ని రోజులు పట్టిందో ఫోటోలు పంపింది. ఆడపడుచులకు కాటన్ సరేనన్నారు. వియ్యపురాలికి మాత్రం పట్టు చీరే పెట్టాను, అసలు పట్టేనని తెలిపే సిల్క్ మార్క్ ఉన్న పోచంపల్లి పట్టు. ఒక్క పట్టు చీరకు వేల పట్టుకాయలు పురుగులతోనే ఉడుకుతాయని తెలిసీ కొన్నాను. హైదరాబాద్‌కు చెందిన కుసుమ రాజయ్య గారు పురుగు బయటికి వెళ్లాక మిగిలిన కాయలతో అహింసా పట్టు తీసే పద్ధతి తెచ్చారు. దానికి అంత మెరుపు ఉండదు. పెట్టుబడికి ఒప్పుకోరని నేను అడగనే లేదు. అక్కడ నేను వెనక్కి తగ్గాను.

అమ్మాయి తలంబ్రాలకు మాత్రం కొత్త పట్టు కొనలేదు. మా అమ్మ పెళ్లి నాటి కంచి పట్టు చీర ఉంది. రెండు చోట్ల చిరిగితే రఫ్ఫు చేయించి, రోలింగ్‌కు ఇచ్చాం. మొత్తం 1,100 అయింది, పన్నెండు రోజులు పట్టింది. పెళ్లి ఫోటోల్లో అందరూ ముందు ఆ చీర గురించే అడుగుతున్నారు.

డిసెంబర్ 29న రెండో ఏడు వచ్చాయి. ఇంకో 10,000 ఇచ్చాను. మూడో పడుగు జనవరి ఆఖరుకు అనుకున్నాం. జనవరి 10న ఫోన్ చేస్తే, వాళ్లమ్మ జారిపడి తుంటి విరిగిందట, ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూ పన్నెండు రోజులుగా మగ్గం మీద కూర్చోలేదన్నాడు. "అయ్యో" అన్నాను. ఆ వెంటనే, "కార్డులు కూడా పంచేశాం అన్నా, నా పరిస్థితి కొంచెం చూడండి" అన్నాను. మామూలు మాటలే. కానీ నా గొంతు నాకే వినిపించింది. ఆయన "సరే అక్కా, ఎట్లనన్న జేస్త" అని పెట్టేశాడు.

జనవరి 25 శనివారం అటువైపు కార్డులు ఇవ్వడానికి వెళ్లి, చెప్పకుండానే వాళ్లింటికి వెళ్లాం. రాత్రి ఎనిమిదిన్నర దాటింది. మగ్గం చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. లోపల అన్న నేస్తున్నాడు. ఇంటర్ చదివే చిన్నమ్మాయి పక్కన కూర్చుని కండెలు చుడుతోంది, ఒళ్లో పుస్తకం తెరిచి ఉంది. మంచం మీద ముసలమ్మ. వదిన వంటింట్లోంచి వచ్చి, "పన్నెండింటిదాంక నేస్తుండు, మల్ల మబ్బుల లేస్తుండు" అంది. కంప్లైంట్‌లా అనలేదు, వివరం చెప్పినట్టు అంది. నాకు నోట మాట రాలేదు. నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల మంది నెల ఆదాయం 5,000 లోపే అని 2019-20 చేనేత గణనలో ఉందని చదివి, అందుకే కదా నేను ఈ పని మొదలుపెట్టింది! ఇప్పుడు ఈ ఇంట్లో అందరి నిద్రా నా వల్లే పోతోంది.

మావారే అన్నారు, "మీ చెల్లెళ్లకు పెళ్లి రోజే చీర పెట్టకపోతే ఏమవుతుంది?" అని. ఏమీ కాదు. మా ఇద్దరు చెల్లెళ్లకు, మా సొంత వదినకు తర్వాత ఇస్తానంటే వాళ్లు ఒక్క మాట కూడా అనరు. పెళ్లికి నాలుగు చాలు, మిగతా మూడు మార్చిలో ఇవ్వండి, అమ్మాయిని చదువుకోనివ్వండి అని చెప్పాను. మిగిలిన 9,900 ఆ రాత్రే ఇచ్చేశాను. అన్న మగ్గం ఆపి, గుంటలోంచి పైకి వచ్చి, చాయ్ తాగి వెళ్లమన్నాడు.

నాలుగు చీరలు ఫిబ్రవరి 9న తెచ్చుకున్నాం. మిగతా మూడు మార్చి 16న.

ఖర్చు మొత్తం రాస్తున్నాను. 21 చీరలకు 39,900. చీర పెట్టని మిగతా ఆడవాళ్లకు తాంబూలంలో చేనేత ఇక్కత్ రవిక గుడ్డలు పెట్టాం. ఒక్కోటి 220 చొప్పున 60కి 13,200. ఆరుసార్లు రానూపోనూ పెట్రోలు 3,000 దాకా. అంతా కలిపి 56,100. మావారి మొదటి లెక్క కంటే 10,600 ఎక్కువ. వియ్యపురాలి పట్టు చీర ఎలాగూ కొనేదే కాబట్టి ఇందులో కలపలేదు. రవిక గుడ్డల విషయంలో భయపడ్డాను, "చీర పెట్టకుండా జాకెట్ ముక్కా" అంటారని. ఇద్దరు ముగ్గురు అన్నారట కూడా. కానీ ఉగాదికి మా కాలనీలో ఆరుగురు ఆ జాకెట్లు కుట్టించుకుని వేసుకోవడం చూశాను.

ఒక పొరపాటు నాది. మొదటిసారి విడిగా, చల్లటి ఉప్పునీళ్లలో నానబెట్టి ఉతకాలని వదిన నాకు గట్టిగా చెప్పింది. నేను చీరలు పెట్టేటప్పుడు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మార్చి మొదట్లో మా మేనత్త ఫోన్ చేసి, ఎరుపు దిగి తెల్ల కొంగంతా గులాబీ అయిందని బాధపడ్డారు. ఆ రోజే అందరికీ మెసేజ్ పెట్టాను. మార్చిలో ఇచ్చిన మూడు చీరల్లో చీటీ రాసి పెట్టాను.

మే నెలలో మా చెల్లెలు అడిగింది, వాళ్ల గృహప్రవేశానికి నాలుగు చీరలు కావాలి, ఆ అన్న నంబర్ ఇవ్వమని. ఫోన్ చేశాను. వాళ్లమ్మ కర్ర పట్టుకుని నడుస్తోందట. అమ్మాయి పాసైంది. నాయిన మగ్గం మార్చి నుంచి మళ్లీ ఖాళీగానే ఉందట. "నాలుగంటే ఎట్లక్కా, పడుగుకు ఏడు" అన్నాడు. మిగతా మూడింటికి మనుషుల్ని నేను చూస్తానన్నాను. గృహప్రవేశం శ్రావణంలో. ఇప్పటికి ఒకావిడ ఒప్పుకున్నారు, ఇంకా ఇద్దరు కావాలి.